ఒక తరం వెనుకటి తుపాకి

అమెరికాలో పాత సైనిక తుపాకులు సేకరించేవారి ఇళ్లకు చేరే పొడవాటి అట్టపెట్టెల్లో అప్పుడప్పుడు ఒక భారతీయ వస్తువు ఉంటుంది. చుట్టిన కాగితం విప్పితే దళసరిగా గ్రీజు పట్టిన ఇనుము, నల్లబడిన చెక్క కనిపిస్తాయి. గుడ్డతో తుడిచేకొద్దీ ఇనుము మీద అశోక సింహాల ముద్ర, ‘ఆర్.ఎఫ్.ఐ.’ అన్న మూడు అక్షరాలు, తయారైన సంవత్సరం బయటపడతాయి. రైఫిల్ ఫ్యాక్టరీ, ఈశాపూర్. బెంగాల్‌లో హుగ్లీ తీరాన 1960లలో తయారై, అక్కర తీరాక మిగులు సరుకుగా సముద్రం దాటిన 2ఎ1 రకం రైఫిల్ అది.

దానిని కొత్తగా కొన్న మనిషి చేయవలసిన పనులకు ఒక వరుస ఉంది. ముందు తుపాకిలో తూటా లేదని చూసుకోవాలి. ఏళ్ల తరబడి గిడ్డంగిలో ఉన్న గ్రీజును గొట్టం లోపలి నుంచి, బోల్టు సందుల నుంచి పూర్తిగా తీసివేయాలి. బోల్టు మీది సంఖ్య, తుపాకి దేహం మీది సంఖ్య ఒకటేనా అని సరిచూడాలి. బోల్టు మూసినప్పుడు తూటా అడుగు భాగానికీ బోల్టు ముఖానికీ మధ్య మిగిలే ఖాళీని తెలిసిన మిస్త్రీ చేత కొలిపించాలి. అది హద్దు మీరితే తూటా తొడుగు పగిలి, వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదకే తన్నుతుంది. పై రూపం పాత .303 రైఫిల్‌లాగే ఉన్నా ఈ తుపాకి మింగేది 7.62 మిల్లీమీటర్ల తూటాను గనుక, ఏ గుళ్లు కొనాలో ముద్రలు చదివి తెలుసుకోవాలి. ఇవన్నీ అయ్యాకే మొదటి గుండు.

ఈ పరీక్ష అంతా నిజానికి తుపాకి పూర్వచరిత్రను చదవడమే. అది ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిలో పెరిగింది, ఎవరు మరమ్మతు చేశారు, ఏ పనికి వాడారు అన్న వివరాలు ఇనుము మీదా చెక్క మీదా ఉంటాయి. ముందుభాగం చెక్క చీలిపోకుండా అడ్డంగా బిగించిన మర ఈశాపూర్ చేతి గుర్తు. చెక్క చుట్టూ రాగితీగ చుట్టి ఉంటే ఆ రైఫిల్‌తో గ్రెనేడ్లు విసిరేవారని అర్థం. కాని ఈశాపూర్ రైఫిల్ చెప్పే అసలు కథ ఆ కొనుగోలుదారుడి చేతికి అందేది కాదు. ఆ తుపాకిని, దాని తాతముత్తాతలను భారత ఉపఖండంలో ఎప్పుడు ఎవరి చేతిలో పెట్టారు, ఎవరి చేతిలోంచి లాక్కున్నారు అన్నదే ఆ కథ. తుపాకి పౌరుని హక్కు కావాలా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. రాజ్యం తన మనుషుల్లో ఎవరిని ఎంత నమ్మింది, ఆ నమ్మకాన్ని ఏ ఆయుధంతో తూచింది అన్నది ప్రశ్న.

కొత్త రైఫిల్ తెచ్చిన కల్లోలం

ఈ దేశ చరిత్రలో కొత్త తుపాకితో తొలి పరిచయం ఘోరంగా వికటించిన సందర్భం 1857. ఆ ఏడాది ఆరంభంలో ఈస్టిండియా కంపెనీ తన సిపాయిలకు ఎన్‌ఫీల్డ్ రైఫిల్ నేర్పించడానికి డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్‌లలో శిక్షణ కేంద్రాలు తెరిచింది. అంతకు ముందు సిపాయి చేతిలో ఉన్నది నున్నని గొట్టం గల మస్కెట్. ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉండేవి. తూటా ఆ గాడుల వెంట సుడి తిరుగుతూ వందల గజాల దూరం గురి తప్పకుండా పోయేది. గాడుల్లోకి తేలికగా దిగడానికి కాగితపు తూటాకు కొవ్వు పూసేవారు. కాగితాన్ని పళ్లతో కొరికి చించి మందు పోయడం ఆనాటి కవాతు పద్ధతి. ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న మాట డమ్‌డమ్‌లో పుట్టి పటాలం నుంచి పటాలానికి పాకింది.

ఆపైన జరిగినది అందరికీ తెలిసినదే. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది ఆశ్విక సిపాయిలను కవాతుకు నిలబెడితే 85 మంది తూటాలు ముట్టలేదు. మే 9న వారికి అందరి ఎదుటా సంకెళ్లు వేశారు. మరునాడే మీరట్ భగ్గుమంది. తిరుగుబాటుకు కొవ్వు ఒక్కటే కారణం కాదు. అవధ్ ఆక్రమణ, జీతబత్తేల మీద అసంతృప్తి, దత్తత వారసుల నుంచి సంస్థానాలు కాజేసిన డల్హౌసీ విధానం అన్నీ లోపల రగులుతూనే ఉన్నాయి. కాని నిప్పు అంటుకున్నది తుపాకి నేర్పే మైదానంలోనే. నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ మధ్య నమ్మకం మిగలకపోతే కవాతులో ఒక చిన్న కదలిక కూడా రాజకీయమవుతుందని కంపెనీ పాలకులకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది.

దీని నుంచి బ్రిటిష్ పాలకులు ఒక పాఠం నేర్చుకున్నారు. తిరుగుబాటు అణిగాక నియమించిన పీల్ కమిషన్, బెంగాల్ సైన్యంలో ప్రతి ఇద్దరు భారతీయులకు ఒక ఐరోపా సైనికుడు, మద్రాసు, బొంబాయి సైన్యాల్లో ముగ్గురికి ఒకరు ఉండాలన్నది. ఫిరంగి దళాన్ని దాదాపు పూర్తిగా తెల్లవారి చేతిలో ఉంచారు. ఇక రైఫిల్ సంగతి. సిపాయి కోసం ప్రత్యేకంగా ఒక ఎన్‌ఫీల్డ్ తయారైంది. దూరం నుంచి చూస్తే అచ్చం అదే తుపాకి. అయితే గొట్టం లోపల గాడులు లేవు, దూరపు గురి చూసే పలక లేదు. వంద గజాలు దాటితే దాని గుండు ఎటు పోతుందో చెప్పలేం. పక్కనే నిలబడ్డ బ్రిటిష్ సైనికుడి రైఫిల్ అంతకు ఎన్నో రెట్ల దూరం కొట్టేది. కవాతులో ఇద్దరూ సమానులుగానే కనిపించేవారు. తేడా అంతా గొట్టం లోపల ఉండేది.

అక్కడి నుంచి అది ఒక అలిఖిత సూత్రమైంది. బ్రిటిష్ సైనికుడికి మార్టినీ-హెన్రీ వచ్చాక అతడు వదిలిన స్నైడర్ భారతీయ సిపాయికి దక్కింది. అతడికి లీ-మెట్‌ఫర్డ్ అనే .303 మ్యాగజైన్ రైఫిల్ వచ్చాక మార్టినీ సిపాయికి దిగింది. అంటే ఎప్పుడూ ఒక తరం తేడా. యుద్ధంలో పనికివచ్చేంత ఆయుధం ఇవ్వాలి, ఎదురు తిరిగితే ఓడిపోయేంత పాతది ఇవ్వాలి. పూర్తిగా నమ్మనివాడికి ఇచ్చే ఆయుధం ఎలా ఉండాలో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే విధానం మరొకటి లేదు.

నిరాయుధ ప్రజ

సిపాయికి పాత తుపాకి దక్కితే, సాధారణ ప్రజకు అదీ లేకుండా పోయింది. తిరుగుబాటు అణచివేత వెంటనే అవధ్‌లో ఇల్లిల్లూ గాలించి లక్షలాది ఆయుధాలు పోగు చేశారు. 1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. అనుమతి పత్రం లేనిదే ఆయుధం ఉంచుకోరాదన్న నియమం భారతీయుడి మీదకే వచ్చింది, ఐరోపా వారికి మినహాయింపు దొరికింది. దేశభాషా పత్రికల నోరు కట్టేసిన చట్టమూ అదే ఏడాది, అదే వైస్రాయ్ చేతి చలవ. ఆ పత్రికల చట్టాన్ని 1882లో రిప్పన్ రద్దు చేశాడు. ఆయుధాల చట్టం మాత్రం నిలిచిపోయింది.

అప్పటి జాతీయవాదులకు ఇందులోని అవమానం బాగా తెలుసు. 1887లో మద్రాసులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన జరిగిన కాంగ్రెస్ మహాసభలో బిపిన్ చంద్రపాల్ ఈ చట్టాన్ని రద్దు చేయాలని గట్టిగా వాదించాడు. అహింసను జీవితవ్రతంగా చేసుకున్న గాంధీ సైతం 1918లో ఖేడాలో సైన్యంలో చేరమని పిలుపునిస్తూ, జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన చట్టాన్ని బ్రిటిష్ పాలన చేసిన దుష్కృత్యాలన్నింటిలోకీ అత్యంత నల్లనిదిగా అభివర్ణించాడు. గాంధీ కోరుకున్నది తుపాకి కాదు. ఒక జాతిని నమ్మదగనిదిగా చట్టంలో రాసిపెట్టడాన్ని ఆయన సహించలేకపోయాడు. మరోవైపు, నమ్మినవారికి మినహాయింపు ఇవ్వడమూ ఆ పాలనకు తెలుసు. కొడగు ప్రాంతపు కొడవలకు ఆనాడు దొరికిన మినహాయింపు నేటికీ చెల్లుతోంది. 2019లో కేంద్ర ప్రభుత్వం దానిని 2029 వరకు పొడిగించింది.

అవసరం తరుముకొస్తే నమ్మకం ఎంత త్వరగా పుడుతుందో 1914 చూపించింది. ఐరోపాలో యుద్ధం మొదలైంది, మనుషులు చాలలేదు. సెప్టెంబరు చివర భారతీయ సేన ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగింది. తాము మోసుకొచ్చిన రైఫిళ్లను అక్కడే అప్పగించి, బ్రిటిష్ సైనికుల చేతుల్లో ఉన్న కొత్త రకం .303 రైఫిల్‌ను అందుకుంది. అరవై ఏళ్లకు చేరువవుతున్న అనుమానం ఒక రేవులో, కొద్ది రోజుల్లో కరిగిపోయింది. అయితే కొత్త రైఫిల్‌కు అలవాటు పడడానికి ఆ సైనికులకు మిగిలిన సమయమూ అంతే. అక్టోబరు ముగియకముందే వారు బెల్జియం, ఉత్తర ఫ్రాన్సు కందకాల్లో జర్మన్ల ఎదుట ఉన్నారు.

ఠాణాలోని తుపాకి

సైనికుడితో సూత్రం సడలినా పోలీసుతో సడలలేదు. ఈశాపూర్ ఫ్యాక్టరీ ఉన్నచోట 1787 నుంచే కంపెనీ వారి మందుగుండు కర్మాగారం ఉండేది. 20వ శతాబ్ది తొలి దశకంలో అక్కడే రైఫిల్ తయారీ మొదలైంది. మంగళ్ పాండే బారక్‌పూర్‌కు అది కూతవేటు దూరం. సైన్యానికి .303 రైఫిళ్లు చేసిన ఆ కర్మాగారమే పోలీసులకు, కాపలాదారులకు మరో సరుకు చేసింది. .303 రైఫిల్ రూపంలోనే ఉండే .410 మస్కెట్. దాని గొట్టంలో గాడులు లేవు. పది తూటాలు పట్టవలసిన మ్యాగజైన్‌లో చెక్క దిమ్మ బిగించేవారు. ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి కాల్చవలసిందే. దగ్గరి గుంపును చెదరగొట్టడానికి అది చాలు. సైన్యానికి ఎదురు నిలవడానికి చాలదు. 1858 నాటి యుక్తినే కొత్త ఇనుములో పోతపోశారు.

తెలుగు నేలకు ఈ లెక్క అనుభవపూర్వకంగా తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం వరుసగా దాడి చేసి 26 తుపాకులు, వాటి మందుగుండు పట్టుకుపోయింది. ఏమేమి తీసుకున్నారో ఠాణా పుస్తకంలోనే రాసి సంతకం చేసిన ఘనత మన్యం కథల్లో నేటికీ నిలిచి ఉంది. ఆ సెప్టెంబరులో దామనపల్లి కనుమ వద్ద స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులు దళం గుళ్లకు కూలిపోయారు. కాని ఠాణాలో దొరికినవి పోలీసు తుపాకులు. వాటికి దొరికిన గుళ్లే గుళ్లు, మళ్లీ నింపుకోవడానికి దారి లేదు. ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసును, తరువాత అస్సాం రైఫిల్స్‌ను దించింది. 1924 మేలో రాజు హతమయ్యాడు. ఠాణాల్లో ఏ తుపాకి ఉంచాలన్న నిర్ణయంలో ఇలాంటి రోజు కూడా లెక్కలోకి వచ్చి ఉంటుందనడంలో సందేహం లేదు.

స్వరాజ్యంలో అదే వరుస

1931 కరాచీ కాంగ్రెస్ ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు పౌరునికి ఉండాలన్న అంశం ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దానిని గుర్తుచేస్తూ సవరణ తెచ్చాడు. అంబేద్కర్ అంగీకరించలేదు. నేరచరిత్ర ఉన్నవాడు సైతం ప్రాథమిక హక్కు పేరు చెప్పి ఆయుధం అడిగే పరిస్థితి రాకూడదన్నది ఆయన వాదన సారం. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరని రోజులవి. కులాధిపత్యం రాజ్యమేలే పల్లెల్లో తుపాకులు ముందు ఎవరి ఇళ్లకు చేరతాయో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సభ సవరణను తోసిపుచ్చింది. ఆ నిర్ణయం సరైనదేనని తరువాతి చరిత్ర చెబుతోంది.

1878 చట్టం స్థానంలో 1959లో స్వతంత్ర భారత ఆయుధాల చట్టం వచ్చి 1962 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. జాతిభేదం పోయింది, అనుమతి పద్ధతి మిగిలింది. సైనిక తూటా పౌరుడికి అందరాదన్న నియమం కింద .303 ‘నిషిద్ధ బోరు’ అయింది. పౌరుడి కోసం ఈశాపూర్ ఫ్యాక్టరీయే .315 రైఫిల్ తయారుచేసింది. ఎన్‌ఫీల్డ్ తరహా దేహం, తూటా మాత్రం పాత ఆస్ట్రియా సైన్యపు తూటాకు మార్పు చేసిన రకం. అమెరికా పౌరుడు పెట్టె విప్పి తుడుచుకుంటున్న ఈశాపూర్ సైనిక రైఫిల్‌ను దానిని తయారుచేసిన దేశపు పౌరుడు మామూలుగా కొనలేడు. ఇందులో విడ్డూరం ఉన్నా అన్యాయం లేదు.

అన్యాయం మరోచోట ఉంది. 1962లో చైనాను ఎదుర్కొన్న భారత జవాను చేతిలో ఉన్నది ఆ బోల్టు లాగి కాల్చే .303 రైఫిలే. ఒక తరం వెనుకటి తుపాకి ఈసారి మొత్తం సైన్యం చేతిలో ఉంది. దానికి కారణం అనుమానం కాదు, అలక్ష్యం. ఆ దెబ్బ తరువాత ఈశాపూర్‌లో 7.62 స్వయంచాలిత రైఫిల్ తయారీ ఊపందుకుంది. కొత్తవి చాలేవరకు అక్కర తీర్చడానికి పాత నమూనానే 7.62 తూటాకు మలిచి చేసినదే ఆ 2ఎ1. జవాను వదిలిన .303 పోలీసుకు దిగింది. వలస పాలకుడు భయంతో పెట్టిన వరుస, స్వతంత్ర పాలకుడి పొదుపు వల్ల, పట్టించుకోనితనం వల్ల చెక్కుచెదరకుండా కొనసాగింది.

సరిహద్దుకు ఆవల కూడా కథ ఇదే. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలోని రాజార్‌బాగ్ పోలీసు లైన్ల మీదకు పాకిస్తాన్ సైన్యం ట్యాంకులతో, మెషిన్‌గన్లతో వచ్చినప్పుడు బెంగాలీ పోలీసులు .303 రైఫిళ్లతో ఎదురు నిలిచారు. వారి ఓటమి ముందే ఖాయమైంది. ఆ రాత్రి ప్రతిఘటన బంగ్లాదేశ్ జన్మకథలో భాగమైంది.

2008 నవంబరు 26 రాత్రి ముంబయిలోని ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఇద్దరు ఉగ్రవాదులు ఏకే-47లతో 50 మందికి పైగా ప్రయాణికులను చంపారు. అక్కడ కాపలా ఉన్న పోలీసుల చేతుల్లో కొందరికి లాఠీలు, కొందరికి .303 రైఫిళ్లు. ఒక్కొక్క గుండుకు ఒక్కోసారి బోల్టు లాగవలసిన ఆయుధం అది. ఏళ్ల తరబడి కాల్పుల సాధన చేయని చేతులవి. పోలీసులు గుండు పేల్చలేదని విమర్శించినవారు, చివరిసారిగా వారిచేత ఎన్ని గుళ్లు సాధన చేయించారని అడిగి ఉండవలసింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఈ రైఫిల్‌కు వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో. మీరట్ ఉన్న రాష్ట్రమది.

చిట్టచివరి మెట్టు

పోలీసు కింద మరో మెట్టు ఉంది. 1995లో జమ్మూ ప్రాంతపు దోడా జిల్లాలో మిలిటెంట్ల దాడుల నుంచి మారుమూల పల్లెలను కాపాడుకోమని ప్రభుత్వం గ్రామ రక్షణ కమిటీలు వేసింది. సభ్యుడికి ఒక .303 రైఫిల్, 100 గుళ్లు. ఎదుట ఉన్నవాడి చేతిలో ఏకే. కొన్నిచోట్ల ఆ కమిటీలే పల్లెల్ని కాపాడాయి. కొన్నిచోట్ల అదే తుపాకి పొరుగువాడి మీదకు తిరిగింది, సభ్యుల మీద తీవ్రమైన నేరాల కేసులు నమోదయ్యాయి. 2022లో వీటికి గ్రామ రక్షక దళాలని కొత్త పేరు పెట్టి, నెలకు 4,000 నుంచి 4,500 రూపాయలు నిర్ణయించారు.

2023 జనవరి 1 సాయంత్రం రాజౌరీ జిల్లా డాంగ్రీ గ్రామంలో ఉగ్రవాదులు ఇళ్లలోకి చొరబడి కాల్చారు. మరునాటి ఉదయం వారు వదిలివెళ్లిన పేలుడు పదార్థం పేలింది. మొత్తం ఏడుగురు చనిపోయారు, వారిలో పిల్లలున్నారు. ఒక గ్రామస్థుడు తన .303తో ఎదురు కాల్పులు జరపబట్టే దుండగులు పారిపోయారని ఊరు చెప్పింది. ఆ తరువాత ప్రభుత్వం గ్రామ రక్షకులకు స్వయంచాలిత రైఫిళ్లు పంచి, వాటి వాడకంలో కేంద్ర బలగాల చేత శిక్షణ ఇప్పించింది. అవి సైన్యం 1990లలోనే వదిలిపెట్టడం మొదలుపెట్టిన రకం. సైన్యం ఆ రకం తరువాత వచ్చిన ఇన్సాస్‌ను కూడా పక్కనపెట్టి ఏకే-203కు మారుతున్న రోజులవి. వరుస ఒక మెట్టు జరిగింది, అంతే. తేడా మాత్రం తగ్గలేదు.

బస్తర్‌లో ఇదే ప్రయోగం మరింత నిర్దాక్షిణ్యంగా జరిగింది. సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి మావోయిస్టుల మీదకు పంపింది. చదువు అయిదో తరగతి చాలు. గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. శిక్షణ రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే తుపాకి, చట్టం, మనిషి హక్కులు అన్నీ నేర్పామని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం ఆ వాదనను తిప్పికొట్టింది. అరకొర శిక్షణతో పేద ఆదివాసీ యువకుడిని యుద్ధంలోకి తోయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పి, ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోమంది. ప్రభుత్వం ఆ ఏడాదే సహాయక సాయుధ పోలీసు దళాల చట్టం చేసి, అదే యువకులను మరో పేరుతో చేర్చుకుంది. 14 ఏళ్ల తరువాత సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్ష అభ్యర్థిగా నిలబడినప్పుడు, ఆ తీర్పు నక్సలిజానికి తోడ్పడిందని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఆరోపించారు. తీర్పు లేవనెత్తిన ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు: రెండు నెలల శిక్షణతో ఒక మనిషిని యుద్ధానికి పంపే హక్కు రాజ్యానికి ఎక్కడిది?

మణిపూర్‌ది దీనికి తలకిందులైన దృశ్యం. 2023 మే నుంచి జరిగిన హింసలో పోలీసు ఆయుధాగారాల నుంచి దాదాపు 6 వేల ఆయుధాలు జనం చేతుల్లోకి పోయాయి. వాటిలో .303లూ ఉన్నాయి, ఇన్సాస్‌లూ ఉన్నాయి. రెండువైపులా ఊళ్లకు కాపలా కాస్తున్న యువకులు వాటిని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. 2025 ఫిబ్రవరిలో గవర్నర్ అజయ్ కుమార్ భల్లా వాటిని తిరిగి ఇవ్వమని పిలుపునిచ్చి, గడువు పెంచితే వెయ్యి ప్రాంతంలో వెనక్కి వచ్చాయి. మిగతావారు ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్నకు సమాధానం సులువు. తమను రాజ్యం కాపాడుతుందన్న నమ్మకం వారికి లేదు. 1857లో రాజ్యానికి సిపాయి మీద నమ్మకం పోయింది. ఇంఫాల్ లోయలో, చుట్టుపక్కల కొండల్లో పౌరుడికి రాజ్యం మీద నమ్మకం పోయింది.

తుపాకి అందుకున్న మనిషికి మొదటి రోజున కావలసినవి ఏమిటో అమెరికాలో పెట్టె విప్పుకున్న కొనుగోలుదారుడికి తెలుసు. ఇనుము పదిలంగా ఉందని తేల్చే కొలత, సరైన గుళ్లు, నేర్పేవాడు, సాధనకు తీరిక. పరీక్షలో తేడా కనిపిస్తే ఆ తుపాకిని గోడకు తగిలించి ఊరుకునే స్వేచ్ఛ కూడా అతడికి ఉంది. దోడా రైతుకు, దంతెవాడ యువకుడికి, రైల్వే స్టేషన్‌లో రాత్రి కాపలా కాసే కానిస్టేబుల్‌కు ఆ స్వేచ్ఛ లేదు. రాజ్యం తరఫున ప్రాణం పణంగా పెట్టేది వారే గనుక, ఆ కొలత, ఆ శిక్షణ ముందుగా వారికే దక్కాలి. ఏటా బడ్జెట్ సమావేశాల్లో పోలీసు ఆధునికీకరణ పద్దు మీద చర్చ ఏ కొద్ది నిమిషాలో సాగి ముగుస్తుంది. కొత్త రైఫిళ్ల కొనుగోలు గురించి ప్రకటన వస్తుంది. ఒక కానిస్టేబుల్ చేత ఏడాదికి ఎన్ని గుళ్లు కాల్పిస్తున్నారు, ఒక గ్రామ రక్షకుడికి ఎన్ని రోజులు నేర్పుతున్నారు అని అడిగే సభ్యుడు అరుదు. అడగవలసింది ఆ రెండు ప్రశ్నలే.